నరికింది అడవి, నాటింది లెక్క

"ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతాం."

ఈ మాటకు చప్పట్లు కొట్టే జనం ఉన్నంతకాలం ఈ దేశంలో అడవికి దిక్కు లేదు. గొడ్డలి పట్టినవాణ్ని ఆపొచ్చు. జేసీబీకి అడ్డంగా పడుకోవచ్చు. స్మగ్లర్ మీద కేసు పెట్టొచ్చు. ఈ మాటకు అడ్డం పడేదెవరు? మంత్రి సభలో చెబుతాడు. కలెక్టరు ప్రెస్‌మీట్లో చెబుతాడు. గని తవ్వే కంపెనీ తన బ్రోచర్లో ఆకుపచ్చ సిరాతో అచ్చేసుకుంటుంది. చివరికి కోర్టుకిచ్చే అఫిడవిట్లోనూ అదే చేరుతుంది. విన్నవాడికి కోపం రాదు సరికదా, పోయేది ఒకటి, వచ్చేది పది అని లాభం కూడా కనిపిస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అడవికి బదులు ఇవ్వగలిగింది ఏదీ లేదు. ప్రభుత్వాలు 'ప్రత్యామ్నాయ అటవీకరణ' అని పిలిచే తంతు నష్టాన్ని పూడ్చడానికే పుట్టిందని ఎవరైనా నమ్మితే నమ్మనీ. అమల్లో అది చేస్తున్న పని మాత్రం నరకబోయేవాడి చేతికి ముందుగానే క్షమాపణ పత్రం అందించడం. ఆ పత్రం దొరకదని తెలిసిన రోజున, ఇవాళ చకచకా కదులుతున్న ఫైళ్లలో చాలావాటి మీద సంతకం పెట్టే ధైర్యం ఏ అధికారికీ ఉండదు.

2025 ఉగాది గుర్తుందా? మార్చి 30, ఆదివారం. మర్నాడు రంజాన్. ఆఫీసులకు సెలవు, కోర్టులకు సెలవు. సరిగ్గా ఆ సందు చూసుకుని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. పగలు చాలదన్నట్టు రాత్రిళ్లు కూడా లైట్లు వేసుకుని తోశాయి. నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లెక్కించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపి, ఆయన నివేదిక చూసి పనులు ఆపించేసరికి దాదాపు వంద ఎకరాలు నేలమట్టమయ్యాయి. సెలవులు చూసుకుని అంత తొందర దేనికని ధర్మాసనం నిలదీసింది. పోయినదాన్ని తిరిగి నిలబెట్టే ఆలోచన లేకపోతే అధికారులు జైలుకెళ్లాల్సి వస్తుందనీ హెచ్చరించింది.

ప్రభుత్వం చెప్పుకున్న సమర్థన ఏమిటి? అది అడవే కాదట. అటవీ రికార్డుల్లో లేదట. పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు దఖలు పడిన భూమట. అక్కడ పులులూ లేవు, జింకలూ లేవు, ఉన్నవల్లా గుంటనక్కలేనని సాక్షాత్తూ ముఖ్యమంత్రి శాసనసభలో ఎగతాళి చేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, లేని జింకల్లో ఒకటి విశ్వవిద్యాలయం వైపు వచ్చి కుక్కల బారిన పడి చచ్చిపోయింది.

రికార్డులో లేకపోతే అడవి కాదనే వాదన చట్టం ముందు ఏనాడో ఓడిపోయింది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: భూమి ఎవరిదైనా, రికార్డు ఏమన్నా, మామూలు అర్థంలో అడవి అనదగ్గది ఏదైనా అడవే. అలాంటి ప్రాంతాలను నిపుణుల కమిటీలతో గుర్తించమని రాష్ట్రాలను ఆదేశించింది. రాష్ట్రాలు ఆ పని ఎంత శ్రద్ధగా చేశాయంటే, 2025 మార్చిలో కూడా అదే కోర్టు అవే కమిటీలను నెల రోజుల్లో వేయండని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈలోపు కేంద్రం ఊరుకుందా? 2023లో అటవీ సంరక్షణ చట్టాన్నే సవరించి, నోటిఫై అయినదో, 1980 అక్టోబర్ 25 తర్వాత ప్రభుత్వ రికార్డుకెక్కినదో అయితేనే అడవి అనే అర్థం వచ్చేలా బిగించింది. పాత నిర్వచనమే పాటించండని 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కనుక సరిపోయింది. లేకపోతే ఒక్క చెట్టూ కొట్టకుండానే, కాగితం మీద కలం కదిపి, లెక్కలేనంత అడవిని మాయం చేసి ఉండేవారు.

రికార్డు లేకపోతే అడవి లేదు. రికార్డు ఉన్నా చెట్లు పొట్టిగా ఉంటే, "అబ్బే, అవి తుప్పలండీ". మన అడవి నేల మీద పడే రెండో దెబ్బ ఇది. కంచ గచ్చిబౌలి విషయంలో చదువుకున్న పెద్దమనుషులు కూడా ఇదే మాటన్నారు. దక్కన్ పీఠభూమిలో రాళ్ల మధ్య, తక్కువ వానలో పెరిగే అడవి ఇలాగే ఉంటుంది. దానికి కేరళ అడవిలా ఎత్తుగా పెరగాల్సిన బాకీ ఏమీ లేదు.

తుప్పల విలువ ఏమిటో కడప జిల్లాను అడగండి. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. లోకంలోంచే అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో లంకమల దిగువన, ముళ్లపొదల నేలలో, అది బతికే ఉందని తేలింది. ప్రపంచం మొత్తంలో దానికున్నట్టు తెలిసిన నివాసం మన కడప చుట్టుపక్కల పొదలే. పగలు పొదల నీడన దాగి, చీకటి పడ్డాక ఖాళీ జాగాలో పరుగులు తీస్తూ పురుగులు ఏరుకుంటుంది. దానికి పొదలూ కావాలి, పొదకీ పొదకీ మధ్య బోసి నేలా కావాలి. పొదలు కొట్టేస్తే బతకదు. ఖాళీల నిండా చెట్లు నాటేసినా బతకదు. అలాంటి చోట తెలుగుగంగ కాలువ గీత గీశారు. 2005లో యంత్రాలు దిగి తవ్వుతుంటే గోల పెడితే తప్ప కాలువ దారి మార్చలేదు.

ఇప్పుడు కేంద్రం 'గ్రీన్ క్రెడిట్' అనే పథకం తెచ్చింది. క్షీణించిన అటవీ భూమిలో మొక్కలు నాటితే కంపెనీలకు పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లను వేరేచోట అడవి కొట్టినందుకు చూపాల్సిన బదులు కింద వాడుకోవచ్చు. 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు నాటాలన్నారు. పచ్చిక నేలా? నాటు. ముళ్లపొదల నేలా? నాటు. రాతి గుట్టా? నాటు. జింకలు మేసే బీడును, కలివికోడి పరుగెత్తే ఖాళీని 'క్షీణించిన' ఖాతాలో వేసి గుంతలు తవ్వడమంటే ఒక అడవిని నరికిన పాపానికి ఇంకో అడవిని పూడ్చిపెట్టడమే. విమర్శలు వెల్లువెత్తాక 2025 ఆగస్టులో నిబంధనలు కొంత మార్చారు. బదులు చూపించి అడవి కొట్టొచ్చన్న మూలసూత్రాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆ మూలసూత్రం ఎలా పనిచేస్తుందో విప్పి చూద్దాం. 1980 చట్టం కింద అడవిని ఇతర పనులకు ఇస్తే, అంతే విస్తీర్ణంలో అడవి కాని భూమి తీసుకుని అక్కడ అడవి పెంచాలి. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే భూమి దొరకడం లేదంటే, కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులైతే, క్షీణించిన అటవీ భూమిలోనే రెట్టింపు విస్తీర్ణంలో నాటొచ్చని వెసులుబాటు పెట్టారు. అంటే ఒకచోట అడవి పోతుంది, ఇంకోచోట అప్పటికే అడవిగా ఉన్న భూమిలో మొక్కలు పడతాయి. ఇంట్లో ఉన్న రెండు బిందెల్లో ఒకటి పగలగొట్టి, రెండోదాన్ని చింతపండుతో తోమి మెరిపించి, లెక్క సరిపోయిందనడం ఇది. దేశంలో అడవి భూమి ఒక్క గజం పెరగదు, తరుగుదల మాత్రం ఖాయం.

పోనీ ఆ మాత్రమైనా చేశారా? 2006 నుంచి 2012 దాకా లెక్కలు తీసిన కాగ్ 2013లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక చదవండి. నరికిన అడవికి బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,382 హెక్టార్లు. వచ్చింది 28,086 హెక్టార్లు. ఆ వచ్చినదాంట్లో మొక్కలు నాటింది 7,281 హెక్టార్లు. రావాల్సిన నూరు హెక్టార్లకు నాటింది ఏడు. మిగిలిన తొంభై మూడు ఎక్కడున్నాయి? మంత్రుల ప్రసంగాల్లో ఉన్నాయి. ఆ ఏడింట్లో బతికినవెన్నో అడగబోతే అది మరో పుస్తకమవుతుంది.

డబ్బు లేక నాటలేదనుకుంటే పొరపాటు. అడవిని తీసుకున్నవాళ్లు కట్టిన సొమ్ము ఏళ్ల తరబడి పోగుపడి, 2019 ఆగస్టులో కేంద్రం ఒక్క విడతలో 47,436 కోట్ల రూపాయలు రాష్ట్రాలకు పంచింది. కంపా నిధులంటే ఇవే. ఉత్తరాఖండ్‌లో ఈ సొమ్ముతో ఏం చేశారో 2025 ఫిబ్రవరిలో బయటపడిన కాగ్ నివేదిక చెప్పింది: ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, భవనాల మరమ్మతులు. మొత్తం 13.86 కోట్లు పక్కదారి పట్టాయి. హిమాలయ దేవదారుకు బదులు ఫ్రిజ్జు!

ధర సంగతి చూస్తే కడుపు మండుతుంది. అడవి చేసే మేలుకు వెలకట్టి 'నికర ప్రస్తుత విలువ' అని ఒకటి వసూలు చేస్తారు. 2008లో ఖరారు చేసిన రేటు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా. 2022లో దాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేశారు. ఆ లెక్కన అత్యంత దట్టమైన, అత్యంత విలువైన అడవి ఎకరం ఏడు లక్షల లోపే. కంచ గచ్చిబౌలికి కూతవేటు దూరంలోని కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఖాళీ నేల నూరు కోట్లు, నిండు అడవి ఏడు లక్షలు. జాతీయ పార్కయితే పదింతలు కట్టాలి నిజమే. ఆ పదింతలు కట్టినా కోకాపేటలో మంచి ఫ్లాటొకటి రాదు. ఇంత చౌకగా దొరికేదాన్ని ఎవడు వదులుకుంటాడు? రోడ్డు వేయాలన్నా, గని తవ్వాలన్నా, ప్రహరీ కట్టాలన్నా ముందు అడవి వైపే వేలు చూపించడానికి కారణం ఇదే. అక్కడ అడిగే పట్టాదారు ఉండడు, రేటూ అగ్గువ.

నాటినచోటికి ఒక్కసారి వెళ్లి చూడండి. మొదట బోర్డు కనబడుతుంది: పథకం పేరు, సంవత్సరం, హెక్టార్లు, మొక్కల సంఖ్య. దాని వెనక తాడు పట్టి గీసినట్టు వరుసలు. నీలగిరి, లేదంటే టేకు, లేదంటే సుబాబుల్. ఒకే ఏడు నాటినవి, ఒకే ఎత్తువి. కింద గడ్డి పలచన, పొద అనేది లేదు. మధ్యాహ్నం పూట అందులో నిలబడితే ఆకుల గలగల తప్ప మరో చప్పుడు వినబడదు. పిట్టకు అక్కడ తినడానికి ఏముందని?

అదే సహజంగా పెరిగిన మన ఆకురాల్చు అడవిలోకి ఫాల్గుణ మాసంలో వెళ్లండి. మోదుగ విరగబూసి ఉంటుంది, తేనె కోసం పిట్టలు కొట్టుకుంటుంటాయి. తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద రాలిన పువ్వును దుప్పి ఏరుతుంటుంది. పక్కనే ఎలుగు తవ్విన పుట్ట. తునికి కాయ, మొర్రి పండు, నేరేడు, మేడి, పరికి, బలుసు, ఒకటి అయిపోయేసరికి ఇంకోటి. నల్లమద్ది పైన, చిరుమాను దాని కింద, కొడిశ ఇంకా కింద, నేలను అంటుకుని గడ్డీ తీగలూ. అడుగు వేస్తే కాలు దిగబడేంత ఆకుల పొర. చెదలూ వానపాములూ ఆ నేలను బొరియలు చేసి ఉంచుతాయి కాబట్టి కుండపోత కురిసినా నీళ్లు జారిపోకుండా లోపలికి దిగుతాయి. అలా దిగిన నీళ్లే వాగును ఎండాకాలం దాకా నడిపిస్తాయి, ఇసుకలో చెలమ తీస్తే ఊరుతాయి. ఆ నేలను జేసీబీతో గీరేస్తే, తొలకరి వానకే మట్టి కొట్టుకుపోయి చెరువులో మేట వేస్తుంది. వాగు వానాకాలంలో ముంచుతుంది, సంక్రాంతికే ఎండుతుంది. ఊళ్లో బోరు మరో వంద అడుగులు దిగాలి. ఆ అప్పు రైతు నెత్తిన. అడవి పోయిన ఖర్చు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనబడదంటే దాన్ని ఇలా వాయిదాల్లో ఊరు కడుతోంది కాబట్టి.

తెలంగాణ పల్లెల్లో కోతుల గోల చూడండి. వేరుశనగ వేయడం మానేసిన రైతులున్నారు, కూరగాయలు మానేసినవాళ్లున్నారు, ఇంటి తలుపు తీసి ఉంచడానికి భయపడే ముసలమ్మలున్నారు. కోతి సరదాకి ఊరికి రాలేదు. దాని తిండి చెట్లు కొట్టేశాం కాబట్టి వచ్చింది. 2015 జూలైలో హరితహారం మొదలుపెట్టినప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి అడవికి పోవాలి అన్నారు. 230 కోట్ల మొక్కలు, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి పెంచడం లక్ష్యం. నాటినవాటిలో టేకెంత? రోడ్ల మధ్య కోనోకార్పస్ ఎంత? ఏ కోతి టేకు ఆకు తింటుంది? కోనోకార్పస్‌నైతే ఆ తర్వాత ప్రభుత్వమే నాటొద్దని చెప్పాల్సి వచ్చింది. చివరికి ఊళ్ల పక్కన 'మంకీ ఫుడ్ కోర్టు'లని పేరు పెట్టి పండ్ల మొక్కలు నాటే పథకం తెచ్చారు. అడవి పైసా ఖర్చు లేకుండా పెట్టిన తిండిని సర్కారు టెండరు పిలిచి పెట్టబోయింది. కోతులు ఇంకా మన పెంకుల మీదే ఉన్నాయి.

ఈ తంతు ఎంత దూరం పోగలదో గ్రేట్ నికోబార్ చెబుతుంది. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కోసం అక్కడ 130.75 చదరపు కిలోమీటర్ల అడవిని ఇవ్వడానికి 2022లో అనుమతులు వచ్చాయి. కొట్టేయబోయే చెట్లు 9.64 లక్షలని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. నిలువెత్తు వేర్లు పాకిన, ఏడాదంతా వాన కురిసే, షోంపెన్ జాతివాళ్లు వేల ఏళ్లుగా తిరుగుతున్న అడవి అది. దానికి బదులు ఎక్కడ పెంచుతారు? హర్యానాలో. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన, సముద్రమే లేని రాష్ట్రంలో, ఎండి బీటలు వారే ఆరావళి నేలలో. గలాథియా తీరంలో గుడ్లు పెట్టే తోలువీపు తాబేలు ఇకమీదట గురుగ్రామ్ బస్టాండులో దిగాలి కాబోలు. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాం గానీ, వర్షారణ్యానికి ఎడారి అంచున బదులు చూపించే విద్య ఇప్పుడే చూస్తున్నాం. ఇది మోసమని మూడో తరగతి పిల్లాడైనా చెబుతాడు. దేశ అటవీ మంత్రిత్వ శాఖ సంతకం పెట్టింది.

మరి నాటడానికి భూమి ఎక్కడిది? ఈ ప్రశ్న దగ్గరే కథ నెత్తుటి మలుపు తిరుగుతుంది. కాళేశ్వరం ఎత్తిపోతల కోసం 2017లో దాదాపు 3,168 హెక్టార్ల అడవిని ఇచ్చారు. బదులుగా మొక్కలు నాటాలి. 2019 జూన్ 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో అటవీ సిబ్బంది ట్రాక్టర్లతో దున్నబోయారు. పోడు చేసుకుంటున్నవాళ్లు ఎదురుతిరిగారు. మహిళా రేంజి అధికారిని ట్రాక్టరు మీదే కర్రలతో కొట్టారు. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ దాడిని సమర్థించే నోరు నాకు లేదు. చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు, పెట్టాల్సిందే. కానీ ఆ రోజు ఏ చానెల్ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ మొక్కలు ఎవరి అడవికి బదులుగా నాటుతున్నారు? కాళేశ్వరం కింద పోయిన అడవికి. ప్రాజెక్టు కట్టింది సర్కారు. బిల్లులు తీసుకున్నది కాంట్రాక్టరు. బాకీ తీర్చాల్సి వచ్చింది మాత్రం గోదావరి నీళ్లు ఒక్క చుక్క చేరని గిరిజనుడి చెలక, పైవాళ్ల మాట మీద పొలంలోకి వెళ్లిన ఉద్యోగుల వీపు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. బ్యారేజీ కుంగింది, అడవి తిరిగి రాలేదు, పోడు గొడవ తేలలేదు. ఈ మూడింటినీ ఒకే ఖాతాలో రాసి చూసిన ప్రభుత్వం ఒక్కటి లేదు.

ఇంత జరుగుతుంటే అడవి తగ్గినట్టు ఎందుకు కనబడదంటారా? కనబడకుండా కొలుస్తున్నారు కాబట్టి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో, ఒక హెక్టారు పైబడిన ఏ భూమిలోనైనా పైనుంచి చూస్తే పది శాతం చెట్ల నీడ ఉంటే అది 'అటవీ విస్తీర్ణం'. భూమి ఎవరిదో అడగరు, ఏ చెట్టో అడగరు. మామిడి తోటా అదే, జామాయిల్ తోటా అదే, కాగితం మిల్లు కోసం వేసిన సుబాబులూ అదే. ఉపగ్రహానికి ఆకుపచ్చ రంగు చాలు. ఆ లెక్కతోనే 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం పెరుగుదలలో 647 చదరపు కిలోమీటర్లతో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానం, 632తో తెలంగాణ రెండో స్థానం కొట్టేశాయి. రెండు ప్రభుత్వాలూ పోటీపడి చంకలు గుద్దుకున్నాయి. నల్లమలలో ఏగిస చెట్టు కూలి, కృష్ణా జిల్లాలో సుబాబుల్ లేస్తే దేశానికి అడవి పెరిగినట్టు. ఇంతకన్నా కాకిలెక్క ఉంటుందా? 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను చెట్లలో దాచిపెడతామని పారిస్ ఒప్పందం కింద మనం ప్రపంచానికి మాటిచ్చాం. ఈ కాకిలెక్కల మీదే ఆ మాట నిలబెడతామా? ఆరేడేళ్లకోసారి కొట్టి గుజ్జు చేసే తోట ఎంత కార్బన్‌ను ఎన్నాళ్లు దాస్తుంది? వందల ఏళ్ల అడవి నేలలో దాగిన కార్బన్, దాన్ని దున్నిన రోజు నుంచే గాల్లో కలవడం మొదలవుతుంది.

"అయితే రోడ్లొద్దా? కరెంటొద్దా? ఉద్యోగాలొద్దా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. కావాలి. కొన్ని పనులకు కొంత అడవి పోక తప్పదు కూడా. అలాంటప్పుడు 'ఇది పోతోంది, తిరిగి రాదు' అని నిజం చెప్పి, ఇంకో దారి లేదని రుజువు చేసి, పోయేది వీలైనంత కుదించి, తలవంచుకుని తీసుకోండి. బదులు ఇస్తున్నామనే అబద్ధంతో తీసుకోకండి. ఆ అబద్ధం ఉన్నంతకాలం ఇంకో దారి వెతకాల్సిన అవసరమే ఎవరికీ రాదు. వద్దని జనం గట్టిగా అంటే దారులు వాటంతటవే దొరుకుతాయి. 2015లో విశాఖ మన్యంలో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది, గిరిజనం తిరగబడింది, 2019లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. అదే ఏడు నల్లమలలో యురేనియం అన్వేషణకు కేంద్రం తలూపితే అమ్రాబాద్ ఊళ్లు లేచాయి, హైదరాబాద్ గొంతు కలిపింది, సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానించింది. ఏ ఆకాశం విరిగిపడింది? ఏ రాష్ట్రం దివాలా తీసింది? దామగుండంలో మాత్రం గొంతు అంత గట్టిగా లేవలేదు. మూసీ పుట్టే వికారాబాద్ కొండల చేరువన 2,900 ఎకరాల అడవిని నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి ఇచ్చి, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసుకున్నారు. ఓ చేత్తో మూసీ ప్రక్షాళనకు వేల కోట్లంటూ, ఇంకో చేత్తో దాని పుట్టింటి పక్కన అడవి ధారాదత్తం!

మనల్ని కూడా వదిలిపెట్టను. 'ఫారెస్ట్ వ్యూ' అని రాసి ఉంటే చదరపు అడుగుకు ఐదు వందలు ఎక్కువైనా కొంటాం. పక్క టవరు లేచి ఆ వ్యూ పోయాక సొసైటీ మీటింగులో గొడవ చేస్తాం. వనమహోత్సవం రోజున మొక్క పట్టుకుని ఫొటో దిగుతాం, దానికి మర్నాడు నీళ్లు పోసేదెవరో అడగం. రాజకీయ నాయకుడికి ఈ తంతు ఇంత సులువు కావడానికి మన చప్పట్లే పెట్టుబడి.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. ఒకటి: అప్పటికే అడవిగా ఉన్న భూమిలో నాటినదాన్ని బదులుగా లెక్కించడం పూర్తిగా ఆపాలి. రెండు: ఫారెస్ట్ సర్వే సహజ అడవిని ఒక పట్టికలో, తోటలను మరో పట్టికలో వేయాలి, రెండూ కలిపి ఒకే అంకె ప్రకటించడం మానాలి. మూడు: పొదల అడవినీ, పచ్చిక బీడునూ క్షీణించిన భూమి అనడం మాని, వాటిని వాటి పేరుతోనే కాపాడాలి. గోదావర్మన్ తీర్పు అడిగిన జాబితాను సర్వే నంబర్లతో సహా ప్రజల ముందు పెట్టాలి. నాలుగు: 2022 అటవీ సంరక్షణ నిబంధనలతో వెనక్కి నెట్టేసిన గ్రామసభ అనుమతిని మళ్లీ మొదటి మెట్టుగా చేయాలి. కేంద్రం ముందు సరేనని, గిరిజనుల హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుందంటే అది అనుమతి అనిపించుకోదు, కబురు చెప్పడం అవుతుంది.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. వరస తిరగేయండి. ముందు పెంచి చూపించండి, తర్వాత అడగండి. పోయే అడవికి బదులు అడవి పెంచగలమని అంత నమ్మకముంటే, అదే రకం నేలలో, అక్కడి చెట్లతోనే, పదేళ్లు పెంచి, బయటి నిపుణులతో కొలిపించి, అప్పుడు అనుమతి కోరండి. పెంచలేమంటారా? అదే మేము మొదటినుంచీ చెబుతున్నది.

మొక్కలు నాటినచోట పెట్టే బోర్డుల మీద పథకం పేరూ మొక్కల సంఖ్యా చాలవు. ఏ అడవికి బదులుగా ఇది నాటారో, ఆ అడవిని ఇవ్వొచ్చని సంతకం పెట్టిన అధికారి పేరేమిటో, ఏటేటా బతికినవెన్నో కూడా రాయాలి. పదేళ్ల తర్వాత ఆయన రిటైరైనా సరే, బదిలీ అయినా సరే, అక్కడికొచ్చి ఊరి ముందు లెక్క ఒప్పజెప్పాలి. ఈ షరతుకు ఒప్పుకోనివాడికి అడవి మీద సంతకం పెట్టే అధికారం ఉండకూడదు.